మిషన్ మీద మామ పాదం

మా ఇంటి పై రెండంతస్తులూ ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్. అమీర్‌పేటలో ఖాళీ గది అన్నది ఎవరికీ మిగలకుండా పోయి చాలా కాలమైంది గనుక నేనూ వీధంతటితో పాటే కింది వాటా ఉంచుకుని పైవి అద్దెకిచ్చేశాను, ఆ మెట్లు ఎక్కి దిగే ఓపిక నాకు ఎలాగూ లేదు. ఆ పిల్లల్లో చాలామంది మైత్రీవనం వైపు కంప్యూటర్ కోర్సులకు పోయేవాళ్ళే, ఒక్క పిల్ల మాత్రం ఫిజియోథెరపీ చదువుతోంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా పనీ అదేనని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు, మొన్న ఆదివారం పొద్దున ఫోను పట్టుకుని దిగి వచ్చి, వెన్నుపాము పాఠం ఎంత చదివినా బుర్రకెక్కడం లేదాంటీ అంటూ నా ఎదుటి కుర్చీలో కూలబడింది.

ఆ ఫోనులో వెన్నుపాము రంగురంగులుగా తిరుగుతోంది, వేలితో తోస్తే పూస పూసా విడిపోయి లోపల ఏముందో చూపిస్తోంది. అన్నీ చూపించే బొమ్మ చేతిలో ఉండి కూడా పిల్లకు అర్థం కాకపోవడం చూసి నాకు జాలీ, కొంచెం సంతోషమూ కలిగాయి, మనం మరీ అంత మొద్దులం కాదన్న ధైర్యం వచ్చింది. ఆ పిల్ల మీ మోకాలు చూడొచ్చా అని అడిగి, అరచేతి అంచుతో చిప్ప కింద తట్టింది. ఇన్నేళ్ళూ నన్ను మోసి మోసి ఇప్పుడు వంటింటి దాకా పోవాలన్నా బతిమాలించుకునే కాలు, పరాయి పిల్ల తట్టేసరికి ఠక్కున లేచింది. మెదడుకు తెలియకుండానే ఇది ఎట్లా లేస్తుంది, అదే నాకు అంతుపట్టడం లేదు అంది.

మన తరంలో తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు దీని పేరు గుర్తుండే ఉంటుంది, అసంకల్పిత ప్రతీకార చర్య. నోరు తిరగక బెంచీ ఎక్కినవాళ్ళు మీలోనూ ఉండి ఉంటారు. చిప్ప కింద తాడులా తగిలే భాగాన్ని తడితే తొడ కండరం చటుక్కున సాగుతుంది, సాగిందన్న కబురు నరం వెంట వెన్నుపాములోకి వెనకవైపు వేరు గుండా పోతుంది, పోయిన కబురు అక్కడే మలుపు తిరిగి ముందువైపు వేరు గుండా ముడుచుకో అన్న ఆజ్ఞగా కండరానికి తిరిగి వస్తుంది, మెదడుకు ఆ సంగతి తర్వాత తెలుస్తుంది. లక్డీకాపూల్ ఆఫీసుల్లో పెద్దాయన బల్ల మీదికి పోకుండా కింది గుమాస్తా సంతకం పెట్టి పంపించేసే కాగితం లాంటిదమ్మా అన్నాను. పిల్ల నవ్వి, బాగుంది బాగుంది అని ఫోనులో రాసుకుని, మరి పెద్దాయనకూ గుమాస్తాకూ మధ్య దారి తెగిపోతే అని అడిగింది. అప్పుడు గుమాస్తాదే రాజ్యం, చిన్న దానికీ పెద్ద దానికీ సంతకాలు పెట్టేస్తుంటాడు, వద్దనేవాడు ఉండడు కదా అని చెప్పి పంపేశాను. చెప్పడమైతే చెప్పాను గానీ, ఆ పిల్ల వెళ్ళాక టీ పెట్టుకోవాలని కూడా అనిపించలేదు. కాలు చాపుకుని అట్లాగే కూర్చుండిపోయాను, మా మామ గుర్తొచ్చాడు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మా వాళ్ళది కరీంనగర్ వైపు ఒక నేత ఊరు. తాత గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు, మగ్గం కూడు పెట్టని రోజులు వచ్చేసరికి పిల్లలు తలో దారి పట్టారు. అమ్మ పెళ్ళయి అమీర్‌పేటకు వచ్చింది, ఆమె వెనకాలే మామ వచ్చి కుట్టుపని నేర్చుకుని మా గల్లీ మొదట్లోనే దుకాణం పెట్టాడు. దుకాణం అంటే ముందు గది, వెనక గదిలో కాపురం, మధ్యలో పాత చీర తెర. కాళ్ళతో తొక్కే నల్ల మిషన్ తెరకు ఇవతల ఉండేది, దాని చప్పుడు వింటూ నేను బడి లెక్కలన్నీ అక్కడే చేసుకున్నాను. మామ కాలికి ఆ తొక్కుడు ఎంత అలవాటంటే, చాయ్ తాగుతున్నా ఎవరితోనో ముచ్చట పెడుతున్నా కుడిపాదం నేల మీద ఆడుతూనే ఉండేది. గా కాలుకు జర సెలవియ్యరాదు అని మా అత్తమ్మ, అంటే మామ భార్య, ఎన్నిసార్లు ఎగతాళి చేసేదో.

తాత ఇంటి నుంచి మామ తెచ్చుకున్న ఆచారం ఒకటుంది. మగ్గం ఏ రోజూ ఊరికే ఉండకూడదు. జ్వరమొచ్చినా, ఇంటికి చుట్టాలు దిగినా, పొద్దున్నే ఎవరో ఒకరు గుంటలో కాళ్ళు పెట్టి కాసేపు తొక్కి లేవాలి, లేకపోతే మగ్గం అలుగుతుందని మా వాళ్ళ నమ్మకం. ఇక్కడ మగ్గం లేదు గనుక మామ ఆ మర్యాదంతా మిషన్‌కు జరిపేవాడు. పండగ పూట కూడా స్నానం చేసి, చక్రానికి దండం పెట్టి, బట్ట లేకుండా నాలుగు తిప్పులు తొక్కి గానీ మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి మూలం ఈ ఆచారమే.

అది జరిగేనాటికి నేను ఫిజియోథెరపీలో చేరాను. ఆ చదువంటే ఏమిటో మా చుట్టాల్లో ఎవరికీ తెలియదు, మాలిష్ కోర్సు అనేవాళ్ళు, అమ్మ కూడా అడిగినవాళ్ళకు డాక్టర్ల పక్కన పని అని గుమ్మం దగ్గరే మాట తుంచేసేది. రోజూ అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిచేదాన్ని. ఫ్లైఓవర్లూ మెట్రో స్తంభాలూ లేని రోడ్డు మీద ఎండ సూటిగా నెత్తిన పడేది, చెప్పుల రబ్బరు మెత్తబడి పాదాలకు అంటుకునేది. శవాల గదిలో మా సారు మొదటిసారి వెన్నుపామును చేతికిచ్చిన రోజు నాకిప్పటికీ గుర్తే. అంత పేరున్నది ఎంత ఉంటుందో అనుకుంటే, చిటికెన వేలంత లావుంది. వెన్నెముక చివరిదాకా ఉంటుందనుకున్నది నడుము మొదట్లోనే ఆగిపోయి, అక్కడి నుంచి నరాల కుచ్చుగా జారింది. గుర్రపు తోక అంటారు దాన్ని. అడ్డంగా కోసిన ముక్కలో బూడిదరంగు సీతాకోకచిలుక రెక్కలు విప్పి ఉంది. ఇంత మెత్తని దానిమీద మనిషి నిలబడ్డాడమ్మా, పూసలు దాని చుట్టూ కట్టిన గోడ మాత్రమే అని సారు చెప్పారు. మాకు ఆయన పదేపదే చెప్పిన మాట ఇంకొకటుంది, వెన్నుపాము తెగినంత మాత్రాన మనిషి పోడు, కూర్చున్నచోట పుండు పడితే పోతాడు, పాఠాలన్నీ మరిచిపోయినా చర్మం చూడటం మరిచిపోకండి అని.

ఆ ఏడే మామ మేడ మీద నుంచి పడ్డాడు. ఆదివారం సాయంత్రం టీవీలో సినిమా వేళకు గల్లీ అంతా ఏదో ఒక ఇంట్లో చేరేది, ఆ రోజు మా ఇంట్లో చేరారు. బొమ్మ సరిగా రావడం లేదని మామ మేడెక్కి యాంటెన్నా తిప్పాడు. వచ్చిందా అని పైనుంచి అడుగుతున్నాడు, ఇంకొంచెం ఇంకొంచెం అని కిందివాళ్ళు అరుస్తున్నారు, ఆయన ఇంకొంచెం వెనక్కి జరిగాడు. పిట్టగోడ లేదు. పడ్డప్పుడు పెద్దగా నెత్తురు కూడా రాలేదు, అందుకే లేచి కూర్చుంటాడని అందరూ అనుకున్నారు. బొడ్డు దగ్గర నుంచి కిందికి తన ఒళ్ళు తనకు తెలియడం లేదని చెప్పింది మామే.

ఆస్పత్రిలో ఉంచినన్నాళ్ళు ఉంచి, వీపు మధ్యలో వెన్నుపాము నలిగిపోయింది, కాళ్ళు తిరిగి రావని స్పష్టంగానే చెప్పి పంపించారు. చెప్పినప్పుడు అత్తమ్మ తలూపింది. తలూపినంత మాత్రాన మనిషి నమ్మినట్టు కాదని నాకు ఉద్యోగంలో చేరాక గానీ తెలిసిరాలేదు. ఇంటికి వచ్చిన కొత్తలో ఆ కాళ్ళు తడిబట్టల్లా ఉండేవి, ఎత్తితే లేచేవి, వదిలితే పడేవి, ఎక్కడ తట్టినా పలకలేదు. కొన్ని వారాలు పోయాక ఒకరోజు దుప్పటి లాగుతుంటే కుడికాలు ముడుచుకుందని అత్తమ్మ చెప్పింది. అది మామూలే, దెబ్బ తగిలిన కొత్తలో కింది భాగం కూడా బిత్తరపోయి మూగబోతుంది, తర్వాత మెల్లగా తేరుకుని తన ప్రతీకార చర్యలు తాను మొదలుపెడుతుంది, అది కాళ్ళు రావడం కాదు అత్తమ్మా అని నేను చెబుతూనే ఉన్నాను. ఆమె వింటూనే ఉంది. సరిగ్గా అప్పుడే మా బ్యాచ్‌ను ఊళ్ళలో శిబిరానికి పంపించారు, కొన్నాళ్ళు ఇంటికి దూరమయ్యాను.

తిరిగి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే నా నోట్లో చక్కెర పోసింది. మామ మిషన్ తొక్కుతున్నాడని చెప్పింది. సంచి కూడా దింపకుండా గల్లీ మొదటికి పోయాను. జరిగింది ఏమిటంటే, మిషన్ అన్నాళ్ళు ఊరికే ఉందని మనసు పీకి, ఆచారమైనా నిలబెడదామని అత్తమ్మ ఒక పొద్దున పక్కింటివాళ్ళ సాయంతో మామను లేపి, కర్ర స్టూలు మీద కూర్చోబెట్టి, పడిపోకుండా తువ్వాలుతో నడుముకూ వెనక కిటికీ ఊచకూ కలిపి కట్టి, కుడిపాదాన్ని రెండు చేతులా పట్టుకుని పెడల్ అంచున పెట్టిందట. పాదం ముందు భాగం పెడల్‌కు ఆనీ ఆనకముందే టకటకా ఆడటం మొదలుపెట్టిందట. ఎవరికైనా ఏమనిపిస్తుంది చెప్పండి. ఏళ్ళ తరబడి తొక్కిన కాలు, చాయ్ తాగేటప్పుడు కూడా ఆగని కాలు, తన మిషన్‌ను తాను గుర్తుపట్టిందనే కదా. వేరే ఎవరింట్లోనైనా అయితే కాలు వణుకుతోందని భయపడేవాళ్ళు. దర్జీ ఇంట్లో కాబట్టి తొక్కుతోందన్నారు.

నేను వెళ్ళేసరికి ఆ ఇరుకు గది నిండా జనం. అత్తమ్మ మొహం చూస్తే ఆమె మళ్ళీ కొత్తగా కాపురానికి వచ్చినట్టుంది, తలలో మల్లెపూలు కూడా పెట్టుకుంది. బల్కంపేట ఎల్లమ్మకు బోనం మొక్కుకుందట. మామ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు చేతులూ మిషన్ పలక మీద ఆనించి కూర్చుని, నన్ను చూసి నవ్వాడు. కింద పాదం ఆడుతూనే ఉంది. నా కళ్ళు మాత్రం చక్రం మీదికి పోయాయి. మామ తొక్కినప్పుడు ఆ చక్రం ఆకులు కనిపించనంత వేగంగా తిరిగేది. ఇప్పుడు అది తిరగడం లేదు, ఉన్నచోటే ముందుకూ వెనక్కూ కొద్ది కొద్దిగా ఊగుతోంది. పిక్క కండరం సాగిన కబురుకు గుమాస్తా ముడుచుకోమంటున్నాడు, ముడుచుకుని వదలగానే పాదం బరువుకు మళ్ళీ సాగుతోంది, మళ్ళీ సంతకం పడుతోంది. పై నుంచి చాలు అనే మాట రావడానికి దారి లేదు. క్లోనస్ అని దానికి పేరు, నేను పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్న ప్రశ్న.

ఎంతసేపు కూర్చుంటున్నాడని అడిగాను. పొద్దున చాయ్ తాగి కూర్చుంటే మళ్ళీ అన్నానికే దించుతున్నం, ఎంత తొక్కితే గంత తొందరగ వస్తయి గద అని అత్తమ్మ గర్వంగా చెప్పింది. ఆ కర్ర స్టూలు చూశాక నాకు మిగతావేమీ వినిపించలేదు. మనకైతే కాసేపు కూర్చుంటే పిర్రలు నొప్పెడతాయి, తెలియకుండానే ఇటూ అటూ జరుగుతాం, ఆ నొప్పే మనల్ని కాపాడుతుంది. మామకు ఆ కబురు చెప్పేవాళ్ళు లేరు. ఆడపిల్లను, మేనకోడలిని, నేను చూడకూడదు గనుక మామను తెర వెనక పడుకోబెట్టించి, అందరినీ బయటికి పంపించి, పంచె తీసి చూడమని అత్తమ్మకు చెప్పి, ఎట్లా చూడాలో ఇవతల నుంచే చెబుతూ నిలబడ్డాను. ఎర్రగ ఉన్నదే, రూపాయి బిళ్ళంత, దోమ కుట్టినట్టున్నది అంది. వేలితో నొక్కి వదులు అన్నాను. నొక్కినా తెల్లగైతలేదు, ఎరుపు అట్లనే ఉన్నది అంది. అంటే లోపల చర్మం చావడం మొదలైంది. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే కూర్చోబెడితే అది తెరుచుకుంటుంది, ఎముక దాకా పోతుంది, మా సారు చెప్పిన చావు అదే. కాళ్ళ మీద ఆశ ఉన్నంతకాలం వీళ్ళు ఆయనను ఆ స్టూలు మీద నుంచి దించరు. ఆశ తీసేస్తే తప్ప మనిషి దక్కడు. అంత చిన్న వయసులో నా మీద పడ్డ బరువు అది.

ఎట్లా చెప్పను. వెన్నుపాము బొమ్మ గీసి చూపిస్తే వింటారా, ఇన్నాళ్ళూ చెప్పింది విననివాళ్ళు. మామను మళ్ళీ ఒక్కసారి, మెత్తటి బొంత వేయించి, అదే స్టూలు మీద కూర్చోబెట్టించాను. అత్తమ్మ పాదం పెట్టింది, టకటకా మొదలైంది. అమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను నేల మీద కూర్చుని, మామా, ఇప్పుడు ఆపు అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. తొక్కమని ఇన్ని రోజులుగా అందరూ అడిగారు గానీ ఆపమని ఎవరూ అడగలేదు. నడిపేది నువ్వే అయితే ఆపేది సుత నువ్వే గద మామా, జర ఆపు అని మళ్ళీ అన్నాను. మామ చక్రం వైపు చూశాడు, తర్వాత మోకాలి వైపు చూశాడు. మిషన్ పలక మీది చేతులు బిగుసుకున్నాయి, మెడ నరాలు లేచాయి, నుదుటి మీద చెమట పట్టింది. పాదం ఆడుతూనే ఉంది. కొంచెం కూడా తగ్గలేదు, పెరగలేదు. ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు, నేనిక చూడలేక ఆ మోకాలి మీద చెయ్యి ఆనించి కిందికి అదిమాను. మడమ ఆనింది, పాదం ఆగిపోయింది.

మామ నా చేతి వైపు చూస్తూ, ఇన్నొద్దులు నేనే తొక్కుతున్న అనుకున్న బిడ్డా అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. వేరే ఎవరిదో వస్తువు తనదనుకుని వాడుకున్న మనిషి సిగ్గుపడినట్టు అన్నాడు. కోపమంతా అమ్మకే వచ్చింది. నిన్ను గింత చదివించింది గిందుకేనా, నా తమ్ముని పానం మీద గిప్పుడిప్పుడే గద ఆశ పుట్టింది అని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది, చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అత్తమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె వంగి, మామ పాదాన్ని పెడల్ మీద నుంచి తీసి నేల మీద పెట్టి, నడుముకు కట్టిన తువ్వాలు విప్పుతూ, ఇగ ఏం జెయ్యాల్నో జెప్పు, పుండు గాకుంట జూద్దాం అంది. అంత మాట ఆమె నోటి నుంచి రావడానికి లోపల ఏమేం కూలిపోయి ఉంటాయో నాకు ఆ వయసులో తెలియదు, ఇప్పుడు తెలిసినా ప్రయోజనం లేదు.

ఆ ఎరుపు తెరుచుకోనే తెరుచుకుంది, కానీ పైపైన. మామను బోర్లా పడుకోబెట్టి, ఒత్తిడి పడకుండా వేళ తప్పకుండా తిప్పుతూ, ఎంతో ఓపిక పడితే గానీ మానలేదు. మానేదాకా రోజూ పంజాగుట్ట నుంచి నడిచొచ్చి ముందు అక్కడికే పోయేదాన్ని. చేతుల మీద ఒంటిని లేపి కాసేపు పట్టి దించడం నేర్పించాను, కూర్చున్నంతసేపూ మధ్యమధ్య అది చేయకపోతే అత్తమ్మ కత్తెరతో బల్ల మీద కొట్టేది. బోనం మొక్కు సంగతి ఏమైందని ఎవరూ అడగలేదు, ఆషాఢంలో ఆమే వెళ్ళి ఎత్తుకుని వచ్చింది, దేనికి మొక్కుకున్నదో దానికి కాకపోయినా మనిషి ఉన్నాడు గద అంది.

ఇక మిషన్. మామను దాని దగ్గరికి రానివ్వకపోయేసరికి అది నిజంగానే అలిగినట్టు మూల కూర్చుంది. కొన్నాళ్ళకు ఒక పొద్దున చప్పుడు వినబడి వెళ్ళి చూస్తే అత్తమ్మ దాని ముందు కూర్చుని ఉంది. పుట్టింట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టిందే తప్ప ఆమె ఎన్నడూ కుట్టింది లేదు. మామ మంచం మీద మెత్తటి దిండు వేసుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని, సుద్దతో గీసి కత్తిరించేవాడు, ఆమె తొక్కేది. వంకర పోయిందని ఆయన, నీ కత్తెరే వంకర పోయిందని ఆమె, గల్లీ వాళ్ళకు రోజంతా వినోదంగా ఉండేది. ముందు దిండు గలేబులు, తర్వాత లంగాలు, చివరికి జాకెట్లు. ఆమె కుట్టిన మొదటి తెల్లకోటు నాదే, ఒక చెయ్యి కొంచెం పొట్టి, చదువయ్యేదాకా అదే తొడుక్కున్నాను. మామ అట్లా ఎన్నో ఏళ్ళు బతికాడు, నా పెళ్ళి చీర మీదికి జాకెట్టు ఆయనే కత్తిరించాడు.

ఉద్యోగంలో చేరాక నేను ఆ మాట ఎందరితో అన్నానో లెక్కలేదు. ఆపు చూద్దాం, ఆపండి చూద్దాం. ఆటో తోలేవాళ్ళు, గోడలు కట్టేవాళ్ళు, బండి మీద నుంచి పడ్డ కాలేజీ పిల్లలు. అందరి ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు కాలు కదిలిందని పరుగెత్తుకొచ్చి చెప్పేవాళ్ళు, నేను చెయ్యి తుడుచుకుని లేచి వెళ్ళేదాన్ని. చెప్పకపోతే మనిషి పుండు పడి పోతాడు, చెబితే ఇంట్లో దీపం ఆర్పినదాన్ని అవుతాను. నిజం చెప్పాలంటే రోజంతా కాళ్ళు పట్టి వంచిన అలసట పడుకుంటే తీరేది, ఈ అలసట తీరేది కాదు. రిటైరైన రోజు అందరూ దండలేసి మాట్లాడుతుంటే నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే, రేపటి నుంచి ఆ మాట అనక్కర్లేదు కదా అని.

మామ చివరికి పెద్దవయసులో మామూలు జ్వరంతోనే పోయాడు. పదకొండో రోజు అయ్యాక అత్తమ్మను కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంచుకున్నాం. ఒక మధ్యాహ్నం బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఆమె తనంతట తానే మొదలుపెట్టి చెప్పింది, దుప్పటి జర జారినా ఆయన కాలు ఆడేది, నువ్వు పెట్టినట్టే మోకాలి మీద చెయ్యి పెడితే ఊకునేది, గన్నేండ్లు చెయ్యి అట్లనే పెట్టి పండుకున్న బిడ్డా, ఇప్పుడు పండుకుంటే చెయ్యి యాడ పెట్టుకోవాల్నో సమజైతలేదు. నేనూ ఒక చాట తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు కాలం మంచిదే, కాదనను. గాలి పరుపులున్నాయి, దర్జీ మిషన్లకు మోటార్లున్నాయి, కండరాల కుదుపు ఆపడానికి మాత్రలున్నాయి. సోమాజిగూడలో ఒక ఆస్పత్రికి మొన్నామధ్య తెలిసినవాళ్ళను చూడటానికి వెళితే, మామలాంటి మనిషే మంచం మీద ఉన్నాడు, కాళ్ళు దుప్పటి కింద కదలకుండా బుద్ధిగా పడి ఉన్నాయి, ఇంటివాళ్ళు సాయంత్రం వచ్చి చూసి వెళతారట, కూలికి పెట్టిన అబ్బాయి కుర్చీలో కూర్చుని వేళకు మాత్ర ఇస్తున్నాడు. తప్పు పట్టడానికేమీ లేదు, మామకు ఆ రోజుల్లో ఇవన్నీ దొరికితే ఎంత సుఖపడేవాడో నాకు తెలుసు. ఆ పాదం కదలికలో మామ లేడని చెప్పినదాన్ని నేనే, ఈ రోజు అడిగినా అదే చెబుతాను. కానీ మామ ఎంత బతిమాలినా వినని ఆ కాలు, అత్తమ్మ చెయ్యి పడితే వినేది. ఇప్పటి కాళ్ళు మాత్రకు వింటున్నాయి, ఇంట్లో ఇంకెవరి చెయ్యీ వాటికి అక్కర్లేకుండా పోయింది.